నేపాలా, శ్రీలంకా? వారం సెలవుకు ఏది మేలు

గుళ్లు, పాత కోటలు చూడాలి. అడవిలో జంతువులు కనబడాలి. కాస్త కొండెక్కడమో, సముద్రంలో మునకేయడమో కూడా ఉండాలి. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి బయల్దేరుతున్నారు, చేతిలో ఉన్నది వారం. ఖర్చు సంగతి తర్వాత; సెలవు ఏ నెలలో దొరుకుతుందో ముందు చూసుకోండి. సగం తీర్పు అక్కడే తేలిపోతుంది.

దసరాకైతే నేపాల్. వానలు తగ్గి ఆకాశం తేటపడేది అక్టోబరు, నవంబరుల్లోనే. పొఖరాలో చీకటితోనే లేచి సారంగకోట్ గుట్ట ఎక్కితే ఎదురుగా చేపతోకలా చీలిన మచ్ఛపుచ్ఛ్రే శిఖరం ఎర్రబడుతూ కనిపిస్తుంది. 6,993 మీటర్ల ఈ కొండను పవిత్రమని ఎవరినీ ఎక్కనివ్వరు. పారాగ్లైడింగ్ కూడా ఆ గుట్ట మీది నుంచే. చిక్కల్లా ఒకటే: మన దసరా రోజుల్లోనే వాళ్ల దశైం. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు కాఠ్మాండూ ఖాళీ అవుతుంది. చాలా దుకాణాలు మూసేస్తారు, బస్సుల్లో సీటు దొరకదు. పండగ ముఖ్య దినాలు దాటాక వెళ్తే హాయి.

డిసెంబరు నుంచి మార్చి దాకా శ్రీలంకదే పైచేయి. దక్షిణ, పడమటి తీరాలు పొడిగా ఉంటాయి, మిరిస్సా దగ్గర నీలి తిమింగలాలు కనిపించేదీ ఈ కాలంలోనే, శ్రీపాద కొండకు యాత్ర సాగేదీ ఇప్పుడే. వేసవి సెలవులకు కూడా నా ఓటు లంకకే. మే నెలలో పొఖరా వెళ్లి, మబ్బు చాటున ఉన్న హిమాలయాల వైపు చూస్తూ హోటల్లో కూర్చునేవాళ్లు తక్కువేం కాదు. లంకలో నైరుతి రుతుపవనాలు పడమటి తీరాన్ని ముంచెత్తుతున్నా, సిగిరియా రాతికోట, పాత రాజధాని పొలన్నరువ, తూర్పు తీరంలోని త్రికోణమలై వైపు ఎండగానే ఉంటుంది. త్రికోణమలై అంటే మన పెద్దవాళ్లకు పరిచయం చెయ్యక్కర్లేదు, ‘లంకాయాం శాంకరీ దేవీ’ అని అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చదివేది అక్కడి అమ్మవారినే.

ఇక దూరాలు. నాకు అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. లంక మొత్తం సుమారు 65 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. ఒక కారు మాట్లాడుకుంటే సిగిరియా, క్యాండీ, తేయాకు తోటల నువరఎలియా, ఎల్లా, చిరుతల యాలా అడవి వరసగా చూసెయ్యొచ్చు. నేపాల్లో కాఠ్మాండూ నుంచి పొఖరా 200 కిలోమీటర్లే, కానీ రోడ్డు మీద ఒక పగలు పోయినట్టే. ఖడ్గమృగాల కోసం చిత్వన్ కూడా కలిపితే వారంలో సగం జీపులోనే. పున్‌హిల్ ట్రెక్కు (3,210 మీటర్లు) మహా బాగుంటుంది, కానీ ఓపికున్న కుర్రాళ్లకు. ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి కదా అని అమ్మానాన్నలు పట్టుబడతారు. 3,700 మీటర్లు దాటిన ఎత్తు అది. ఒక రాత్రి దారిలోని జోమ్‌సోమ్‌ ఊళ్లో ఆగకుండా నేరుగా తీసుకెళ్లకండి.

సంస్కృతి విషయంలో ఎక్కువ తక్కువలు తేల్చడం కష్టం. భక్తపూర్ ఇటుక వీధుల్లో, చెక్కిన కిటికీల కింద ఒక పూట తిరిగితే నేపాల్ వైపే మొగ్గుతారు. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు రాతి మీద కట్టుకున్న సిగిరియా ఎక్కుతూ, మధ్యలో గోడ మీది రంగుల అప్సరసల దగ్గర ఆగితే మనసు మళ్లీ మారుతుంది. సుమారు 1,200 మెట్లు. పొద్దున్నే గేటు తీసేసరికి ఉండండి, పదయ్యాక రాయి కాలిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నీటి తోటల్లో కూర్చోవచ్చు. క్యాండీని చివర ఏలింది నాయక రాజులని, వాళ్ల మూలాలు మదురై నాయకుల వైపు, అంటే తెలుగువాళ్ల వైపు అని చెబితే పిల్లలు కాస్త ఆసక్తిగా వింటారు.

శాకాహారులకు నేపాలే సులువు. దాల్‌భాత్ అడిగితే అన్నం, పప్పు, కూర మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. లంకలో ఇడియాప్పం, కొబ్బరి కూరలు నోటికి హితవుగానే ఉంటాయి, అయితే కొబ్బరి సంబోల్ అనే పచ్చడిలో ఎండుచేప పొడి (ఉంబలకడ) కలిపే అలవాటుంది. కూరగాయల వంటకమే కదా అనుకోకుండా ‘ఉంబలకడ వెయ్యకండి’ అని ముందే చెప్పాలి.

నేపాల్‌కు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు. నడివయసువాళ్లకు ఆధార్ ఒక్కటే పనికిరాదు. లంకకు పాస్‌పోర్టు, ముందస్తు అనుమతి రెండూ ఉండాలి. ఆ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనేముందు వాళ్ల ప్రభుత్వ సైటు చూసుకోండి. భూటాన్ మాటేమిటంటారా? తలకు రాత్రికి 1,200 రూపాయల రుసుము. నలుగురు పెద్దలు ఆరు రాత్రులుంటే 28,800 అక్కడికే సరి. వారం కుటుంబ యాత్రకు నేను దాన్ని పక్కన పెడతాను.

పదిరోజులు పైబడి సెలవుండి, నడవగలిగినవాళ్లే వెళ్తుంటే నేపాల్‌కు సాటి లేదు. మూడు తరాలూ ఒకే వారంలో వెళ్తుంటే లంకకే వెళ్లండి. క్యాండీ–ఎల్లా కొండరైలు రిజర్వేషన్ మాత్రం తెరవగానే చేయించుకోండి. సీట్లు దొరక్కపోతే నువరఎలియా దగ్గరి నాను ఓయా స్టేషన్ నుంచి ఎల్లా దాకా అయినా ఎక్కండి, తోటల అందమంతా ఆ ముక్కలోనే. కొండచరియలు విరిగిపడితే ఆ దారి ఆగిపోతుంది, ముందురోజు కనుక్కుని, కారు డ్రైవర్‌ను ఎల్లా స్టేషన్ దగ్గరే ఉండమని చెప్పండి.