షాపు పేజీలకు షీటు, కాన్వా, మెటా బిజినెస్ సూట్: ఏళ్లపాటు వాడాక తేలింది

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపైనా, కూకట్‌పల్లిలో కర్రీ పాయింటైనా సోషల్ మీడియా పని నడవడానికి నాలుగు చాలు: గూగుల్ షీట్ (ఆన్‌లైన్ గళ్ల పట్టీ), కాన్వా ప్రో (డిజైన్ టూల్‌లో డబ్బు కట్టే రకం), మెటా బిజినెస్ సూట్ (ఫేస్‌బుక్, ఇన్‌స్టా పోస్టులు ముందే షెడ్యూల్ చేసే టూల్), వాట్సాప్ బిజినెస్. ఇందులో డబ్బు పెట్టాల్సింది కాన్వాకు మాత్రమే. వీటిని ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట: పోస్టు పెట్టడానికి పట్టే టైము లెక్కలోకే రాదు, చేసిన పోస్టును మళ్ళీ చేయడంలోనే టైమంతా పోతుంది. రేటు తప్పు పడుతుంది, ఒత్తు విరుగుతుంది, సేటు ఓకే అనడు, పండగ తేదీ మారుతుంది. అందుకే ఇక్కడ ప్రతి టూల్‌నూ తూచింది ఒకే ప్రశ్నతో: దీనివల్ల రెండోసారి చేసే పని తగ్గిందా?

ఎక్కువ టైము మిగిల్చింది షీటే. ఒక వరుస ఒక పోస్టు. తేదీ, సరుకు కోడ్, రేటు, ఆ రేటు ఎప్పటివరకు, ఫొటో లింకు, క్యాప్షన్, స్థితి అని ఏడు గళ్లు. నాలుగో గడిని చాలామంది పెట్టరు. ఆదివారంతో అయిపోయిన ఆఫర్ మంగళవారం పోస్టులో కనబడేది అది లేకే. స్థితి గడికి డ్రాప్‌డౌన్ పెట్టి ‘రాయాలి’, ‘చూపించాలి’, ‘ఓకే’, ‘షెడ్యూల్ అయింది’ అనే నాలుగు మాటలే ఉంచండి. ఎవరికి తోచింది వాళ్లు టైపు చేస్తే ఫిల్టర్ పనికిరాదు.

షీటులో ఒక గుంట ఉంది. లొకేల్ (తేదీలు ఏ దేశపు పద్ధతిలో రాయాలో చెప్పే సెట్టింగ్) యునైటెడ్ స్టేట్స్ అని ఉంటే 5/7 అని కొట్టింది మే 7 అయిపోతుంది. 25/7 అని కొడితే అసలు తేదీగానే తీసుకోదు, మామూలు అక్షరాల్లా ఉండిపోతుంది, వరుసలు తేదీల ప్రకారం సర్దినప్పుడు ఎక్కడో అడుగున తేలుతుంది. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కు వెళ్లి లొకేల్ ఇండియాకు మార్చాకే మొదటి తేదీ కొట్టండి.

నిరుటి క్యాలెండర్‌ను కాపీ చేసి తేదీలు సవరించుకుందామంటే మన దగ్గర కుదరదు. దసరా 2025లో అక్టోబర్ 2న, 2026లో అక్టోబర్ 20న. 2026 మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం రావడమే ఈ తేడాకు కారణం. ఆ నెలలో ముహూర్తాలుండవు, పెళ్లిచీరల పోస్టులకు గిరాకీ రాదు. దాని తర్వాత వచ్చే ఆషాఢం సేల్, బోనాలు, వరలక్ష్మీ వ్రతం, బతుకమ్మ అన్నీ రెండు మూడు వారాలు ఆలస్యంగా వస్తాయి. రంజాన్ దీనికి ఎదురు, ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. కాబట్టి షీటులో పండగలకు విడి ట్యాబ్ పెట్టి, ఉగాదికి పంచాంగం రాగానే తేదీలన్నీ ఒకేసారి ఎక్కించాలి. పోస్టుల ట్యాబ్‌లో తేదీని చేత్తో కొట్టకుండా ఆ ట్యాబ్‌లోని గడికి ముడిపెట్టి ‘పండగకు 10 రోజుల ముందు’ అని తీసివేత పెడితే, ఒక్క తేదీ మారిస్తే దాని వెనక పోస్టులన్నీ జరుగుతాయి.

ఒకే ఊళ్లో ఒకే పండగ ఒకే రోజు ఉండదన్నది కూడా షీటుకు తెలియాలి. 2025 బోనాలు గోల్కొండలో జూన్ 26న మొదలయ్యాయి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి జూలై 13న, లాల్‌దర్వాజకు జూలై 20న జరిగాయి. సికింద్రాబాద్ మోండా మార్కెట్ షాపు 20న శుభాకాంక్షలు పెడితే వాళ్ల గిరాకీకి అది పాత ముచ్చట. ఈద్ పోస్టును అసలు షెడ్యూలే చేయకండి, డ్రాఫ్టులో ఉంచి నెలవంక కబురు వచ్చాక వదలండి. సద్దుల బతుకమ్మ కూడా ఒక్కో ఏడు రెండు తేదీల మధ్య ఊగుతుంది, దానికీ ఇదే పద్ధతి. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి, మటన్ షాపులు మూసే రోజన్నమాట. దసరా స్పెషల్ మటన్ అని ముందే షెడ్యూల్ చేసి మరిచిపోతే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక కాన్వా. ప్రో తీసుకోవడానికి నాకు కనబడిన గట్టి కారణాలు రెండు: సైజు మార్చే సౌకర్యం, బల్క్ క్రియేట్ (ఒక్క డిజైన్‌తో చాలా కార్డులు ఒకేసారి చేయడం). టెంప్లేట్ల కోసమైతే డబ్బు దండగ. అవి ఇంగ్లిష్ అక్షరానికి కొలిచి కుట్టినవి, తెలుగు పెట్టగానే బిగుతవుతాయి. వరుసల మధ్య ఎడం చాలావాటిలో 1.0 దగ్గర ఉంటుంది, అక్కడ పై వరుస ఒత్తులు కింది వరుస గుడి గుర్తులకు తగులుతాయి. 1.3 నుంచి 1.4 దాకా పెంచాలి. అక్షరాల మధ్య ఎడం మాత్రం సున్నా ఉండాలి. స్టైలుగా ఉందని ఆ ఎడం పెంచిన టెంప్లేట్‌లో తెలుగు పదం ముక్కలుముక్కలుగా విడిపోతుంది. పెద్దక్షరాల హెడ్డింగు నాలుగు పదాలు దాటకపోతేనే ఫోన్‌లో చదవడానికి వీలవుతుంది.

ఫాంట్ల సంగతి. రామభద్ర, మండలి, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రోలో బ్రాండ్ కిట్ (షాపు ఫాంట్లు, రంగులు, లోగో దాచే చోటు) లోకి ఎక్కించుకోవచ్చు. హెడ్డింగుకు రామభద్ర లాంటి లావుపాటిది, రేట్లకూ అడ్రసుకూ మండలి లాంటి సన్నటిది సరిపోతాయి. ఏ ఫాంటునైనా ఖాయం చేసేముందు స్త్రీ, లక్ష్మి, అర్ధం, ₹ కొట్టి చూడండి. ఇవి నిలబడితే మిగతావీ నిలబడతాయి. డీటీపీ వాళ్లు అనూ ఫాంట్లలో కొట్టి పంపే మేటర్ ఇక్కడ అతికించకండి. అది యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదివే అక్షర పద్ధతి) కాదు, పిచ్చి గుర్తులుగా పడుతుంది. కన్వర్టర్‌లో వేసి మార్చినా ఒత్తులు ఒకసారి కళ్లతో చూసుకోవాల్సిందే. పాత ఫొటోషాప్‌లో చేసేవాళ్లకు ఒత్తులు విడిపోతుంటే చాలాసార్లు ఫాంట్ తప్పు కాదు, ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకోలేదని అర్థం.

బల్క్ క్రియేట్ మాత్రం పెట్టిన డబ్బు తిరిగిచ్చే చోటు. ఒక కార్డు డిజైన్ చేసి, పేరుకో డబ్బా, రేటుకో డబ్బా, ఫొటోకో ఫ్రేమ్ ఉంచాలి. షీటు నుంచి సీఎస్‌వీ (గళ్లలోని మాటలు కామాలతో విడదీసి ఉండే ఫైలు) దించి బల్క్ క్రియేట్‌లో ఎక్కించి, ఏ గడి ఏ డబ్బాలోకో కలిపితే ముప్పై వరుసలకు ముప్పై కార్డులు వస్తాయి. ఫొటోలు మాత్రం విడిగా పెట్టాలి. ఇక్కడ అందరూ పడే చోటు ఒకటుంది: గూగుల్ షీట్ నుంచి దించిన ఫైలును ‘ఒకసారి చూద్దాం’ అని ఎక్సెల్‌లో తెరవడం. తెలుగు చిందరవందరగా కనబడుతుంది, అలాగే సేవ్ చేస్తే ఫైలు అంతటితో పోయినట్టే. దించింది దించినట్టే ఎక్కించండి. ఎక్సెల్‌లోనే పని చేసేవాళ్లయితే సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి, లేకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

సైజుల్లో ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలా రీడిజైన్లు తప్పుతాయి. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ గళ్లు 2025 జనవరి నుంచి చదరం పోయి 3:4 నిలువు అయ్యాయి. 1080కి 1080 చదరం పోస్టులో గడిలో కనబడేది మధ్యలోని 810 పిక్సెళ్ల వెడల్పే. రెండు పక్కలా 135 చొప్పున తెగుతుంది, మూలలో పెట్టిన లోగో, రేటు బిళ్ల అందులోనే పోతాయి. 1080కి 1350 అయితే పక్కకు 34 పిక్సెళ్లే నష్టం. అందుకే అన్నింటికీ ఇదే మూలం సైజుగా పెట్టుకోవడం మేలు. 1080కి 1920 రీల్ కవర్‌లో పైన 240, కింద 240 గడిలో కనబడవు, మాటలు నడుమ ఉంచాలి.

రేటు ఫొటో మీద వేయాలా, క్యాప్షన్‌లో రాయాలా? ఇన్‌స్టాలో పడ్డాక క్యాప్షన్ దిద్దొచ్చు, ఫొటో మార్చలేం. కాబట్టి ఫీడ్ పోస్టుకు రేటు క్యాప్షన్‌లోనే. వాట్సాప్ స్టేటస్ ఉండేది 24 గంటలే, పైగా జనం స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు పంపుతారు. దానికి రేటు, కోడ్ ఫొటో మీదే ఉండాలి. ఒకే డిజైన్‌కు రెండు పేజీలు, ఒకటి రేటుతో, ఒకటి లేకుండా. రెండు నిమిషాల పని.

ఫొటోలకు పెద్ద కెమెరా అక్కర్లేదు. ఉదయం షట్టర్ దగ్గర వెలుతురులో, ట్యూబ్‌లైట్లు ఆర్పేసి తీయాలి. రెండు వెలుతుర్లు కలిస్తే జరీ పచ్చగా కొడుతుంది, గిరాకీ వచ్చి ‘ఫొటోల ఇట్ల లేదు గదన్నా’ అంటుంది. చీరకు మూడు ఫొటోలు: మొత్తం, అంచు, కొంగు. మొదటి ఫొటోలో కోడ్ చీటీ కూడా పడేలా పెట్టండి, తర్వాత ఏది ఏదో వెతుక్కోనక్కర్లేదు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే ఫొటో చిక్కిపోయి వస్తుంది.

ఓకే తీసుకోవడం దగ్గర ఏ టూలూ సాయపడలేదు. కాన్వాలో కామెంట్ లింకు పంపితే బేగంబజార్ సేటు తెరవడు. ఫొటోలు ఒక్కొక్కటే పంపితే ‘అది మార్చు’ అని వస్తుంది, ఏది ‘అది’ అని మళ్ళీ ఫోను చేయాలి. పనిచేసింది పాత పద్ధతే: పదిహేను రోజుల పోస్టులను ఒకే పీడీఎఫ్‌గా, పేజీకో పెద్ద అంకెతో వాట్సాప్‌లో పంపడం. ‘3, 7 మార్చు, మిగతావి ఓకే’ అని వాయిస్ మెసేజ్ వస్తుంది. రేటు మార్పు, ఫొటో మార్పు అడగొచ్చు, రంగు మార్పు ఒక్కసారే అని ముందే మాట్లాడుకోండి. రంగు దగ్గర గీత గీయకపోతే ఆ పనికి అంతుండదు.

మెటా బిజినెస్ సూట్ ఉచితం, ఫేస్‌బుక్, ఇన్‌స్టా రెండే చాలనుకునే షాపుకు నెలవారీ డబ్బు కట్టే షెడ్యూలింగ్ టూల్ అక్కర్లేదు. ఇన్‌స్టా ఖాతా ప్రొఫెషనల్‌గా మార్చి పేజీకి కలిపి ఉండాలి. సూట్‌లోని ప్లానర్ (పోస్టుల క్యాలెండర్) లో రెండింటికీ ఒకేసారి పెట్టేటప్పుడు క్యాప్షన్‌ను విడివిడిగా మార్చుకునే మీట నొక్కండి. మ్యాప్ లింకు ఫేస్‌బుక్‌లో నొక్కితే తెరుచుకుంటుంది, ఇన్‌స్టా క్యాప్షన్‌లో ఉత్త అక్షరాలుగా పడి ఉంటుంది. సినిమా పాటల రీల్స్ దీనికి లొంగవు. బిజినెస్ ఖాతాలకు లైసెన్స్ కారణంగా చాలా పాటలు దొరకవు, బయట కలిపి ఎక్కిస్తే సౌండ్ తీసేసే ప్రమాదం ఉంది. సేల్స్‌గర్ల్ చీర విప్పి చూపిస్తూ మాట్లాడిన గొంతే పెట్టడం నయం. దాన్ని షెడ్యూల్ చేయొచ్చు, పాట పాతబడుతుందన్న బెంగ కూడా ఉండదు.

వాట్సాప్ బిజినెస్‌లో టైము మిగిల్చేది క్విక్ రిప్లై. ‘రేటెంత’, ‘షాపు ఏడ’, ‘ఆదివారం తెరుస్తరా’, ‘కొరియర్ ఉందా’, ఈ నాలుగింటికి జవాబులు దాచి స్లాష్ కొట్టి పంపితే సగం చాటింగ్ అయిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపడం) మీద పెద్ద ఆశ వద్దు. ఒక లిస్టులో 256 మందే, వాళ్లలో షాపు నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. బిల్లు కొట్టేటప్పుడే నంబర్ సేవ్ చేసుకోమని చెప్పే మనిషి కౌంటర్‌లో లేకపోతే ఆ లిస్టు ఉన్నా లేనట్టే.

ఏఐ సంగతి నిక్కచ్చిగా చెప్పాలంటే, తెలుగు క్యాప్షన్ రాయమంటే ‘మీ అందాన్ని ఇనుమడింపజేసే అద్భుతమైన కలెక్షన్’ అంటుంది. దాన్ని దిద్దడం కంటే రాయడమే తొందరగా అవుతుంది. ఒక చీర గురించి పది కోణాలు ఇమ్మనడానికి మాత్రం పనికొస్తుంది. క్యాప్షన్‌కు మంచి దారి జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) లో తెలుగు వాయిస్ టైపింగ్: కౌంటర్‌లో గిరాకీకి చెప్పేది ఫోన్‌లో చెప్పించండి. ‘బరువుండదక్కా, పొద్దంతా కట్టుకున్నా విసుగు రాదు’ అన్నదానికి ఫుల్‌స్టాప్ పెడితే క్యాప్షన్ అయిపోయింది. ఏఐ బొమ్మల మీద తెలుగు అక్షరాలు చాలాసార్లు తప్పుగా పడతాయి, మాటలు కాన్వాలోనే వేసుకోండి. బతుకమ్మ అడిగితే తంగేడు, గునుగు లేకుండా బంతిపూల పళ్లెంలో దీపాలు పెట్టి ఇస్తుంది, అది చూసి నవ్వని ఆడపడుచు ఈ ఊళ్లో ఉండదు. అమ్మే సరుకు బొమ్మ మాత్రం ఏఐతో చేయించొద్దు. ఫొటోలో అంచు ఒకటి, షాపులో అంచు ఇంకొకటి అయితే వాపసు గొడవ తప్పదు.

షెడ్యూల్ చేశాక పని అయిపోయిందనుకునేవాళ్లకు ఒక మాట. ఇన్‌స్టా పాస్‌వర్డ్ మార్చినా, పేజీకి ఖాతాకు ఉన్న ముడి తెగినా షెడ్యూల్ చేసినవి పడకుండా ఆగిపోవచ్చు, ఎవరూ ఫోను చేసి చెప్పరు. సోమవారం పొద్దున ప్లానర్ తెరిచి పడనివి ఏమైనా ఉన్నాయా చూడటం ఐదు నిమిషాల పని. పాస్‌వర్డ్ చేతులు మారకుండా, ఓటీపీ కోసం సేటును భోజనం మధ్యలో లేపకుండా ఉండాలంటే సెట్టింగ్స్‌లో పీపుల్ దగ్గర మీ సొంత ఖాతాకే పేజీ అనుమతి ఇప్పించుకోండి. పూర్తి కంట్రోల్ మాత్రం షాపు వాళ్ల ఇంట్లో ఇద్దరి పేర్ల మీద ఉంచండి. ఒక ఫోన్ పోయినా రెండోది ఉంటుంది.