కిట్సెలాస్ లోయ: పొదలు చూడ్డానికి అంత దూరం వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కానీ గైడ్ దొరికే రోజు ముందే కనుక్కుని వెళ్ళండి, లేకపోతే ఒకప్పుడు మనుషులు పెంచిన తోటలని తెలీక పిచ్చి పొదలనుకుని దాటేస్తారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన, స్కీనా నది ఒడ్డున, టెర్రస్ ఊరికి కాస్త తూర్పున ఉంటుంది ఈ చోటు. అక్కడి ఆదివాసులైన సిమ్షియన్ ప్రజల్లో ఒక శాఖైన కిట్సెలాస్ వాళ్ళ పాత ఊళ్ళివి. ఇక్కడి తవ్వకాల్లో 5,000 ఏళ్ళ నాటి నివాసాల ఆనవాళ్ళు బయటపడ్డాయి.

చెక్క ఇళ్ళు, బొమ్మలు చెక్కిన టోటెమ్ స్తంభాలు ఫోటోలకు బాగుంటాయి గానీ నేను వెళ్ళింది పాత ఊళ్ళ పక్కనున్న తోటల కోసం. చుట్టూ హెమ్‌లాక్, సీడర్ చెట్లతో చీకటిగా ఉండే అడవి, ఒకప్పటి ఇళ్ళ గుంతల దగ్గరికొచ్చేసరికి పలచబడి హేజెల్ (గింజలు తినే ఒక రకం పొద), అడవి యాపిల్, క్రాన్‌బెర్రీ లాంటివన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. పరిశోధకురాలు చెల్సీ గెరాల్డా ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 2021లో తేల్చింది ఇదే: మనుషులు ఖాళీ చేసి 150 ఏళ్ళయినా ఈ తోటల్లో పక్క అడవికన్నా ఎక్కువ రకాల మొక్కలున్నాయి. హేజెల్‌ని దూరప్రాంతాల నుంచి తెచ్చి నాటారని 2024లో జన్యు పరీక్షల్లోనూ తేలింది. ఇన్నాళ్ళూ ఇక్కడి ఆదివాసులు వేట, చేపల మీదే బతికారని ఎలా రాశారో మరి!

హేజెల్ కాయ తొడుగు ముక్కులా సాగి ఉంటుంది, దాని మీద సన్నటి నూగు. మా అమ్మ వద్దన్నా వినకుండా పట్టుకుని, "ఒరేయ్, ఇది దురదగొండి చెల్లెల్రా" అంటూ చాలాసేపు వేళ్ళు రుద్దుకుంది.

వాంకూవర్ నుంచి కారులో 1,300 కిలోమీటర్ల పైనే, పెద్దవాళ్ళతో వద్దు. విమానమైతే రెండు గంటల లోపే. రైలు కావాలంటే ముందు ప్రిన్స్ జార్జ్ చేరాలి, తీరిక ఉంటేనే. మేం దిగిన మోటెల్ ఫోటోల్లో వంటగది ఉంది, వెళ్ళి చూస్తే మైక్రోవేవ్ ఒక్కటే! మాతో తెచ్చుకున్న కుక్కర్, ఆవకాయ లేకపోతే రొట్టె ముక్కలే గతి. గది శుభ్రంగానే ఉంది, ఇచ్చిన డబ్బుకి మాత్రం ఎక్కువే.

ఇంకో పూట మిగిలితే హేజెల్టన్‌ ఊళ్ళో గిట్‌క్సాన్ అనే మరో ఆదివాసుల క్సాన్ మ్యూజియం చూడండి. చెక్కడాలు అక్కడే బాగున్నాయి, మొక్కల సంగతికైతే కిట్సెలాసే. వేసవిలోనే వెళ్ళండి, దోమల మందు మర్చిపోకండి.