వేకువన నాలుగింటికి పడుకునే వీధి: ఫుకెట్‌లో మా ఐదు రాత్రులు

భారతీయులు వీసా లేకుండా 60 రోజుల వరకు థాయ్‌లాండ్‌లో ఉండవచ్చన్న నిబంధన అప్పటికి 2024 జులై నుంచే అమల్లో ఉన్నా, విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ట్రావెల్స్ వారు 2025 డిసెంబరు ప్రయాణానికి మా ఐదుగురి దగ్గర తలకు 2,500 రూపాయల చొప్పున ‘వీసా ఖర్చులు’ వసూలు చేశారు. ఫుకెట్ విమానాశ్రయంలో క్యూలో నిలబడ్డప్పుడు గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. వీసా అవసరమే లేదని, ఆన్‌లైన్‌లో నింపవలసిన రాక కార్డుకు కూడా రుసుము ఉండదని మా బావమరిది ఫోనులో చూపించాడు. ట్రావెల్స్‌ను ఎంచుకున్నది నేను కాబట్టి, 12,500 రూపాయల చేతి చమురు వదిలిన కోపం అతని ముఖంలో రెండు రోజులు కనిపించింది.

అసలు దెబ్బ హోటల్ దగ్గర తగిలింది. గదికి రాత్రికి 5,200 రూపాయలు తీసుకుని, ‘బీచ్‌కు ఐదు నిమిషాల నడక, ప్రశాంత వాతావరణం’ అని కాగితం మీద రాసి ఇచ్చారు. పటాంగ్ బీచ్ నిజంగానే ఐదు నిమిషాల దూరంలో ఉంది, కాకపోతే ఆ ఐదు నిమిషాలూ బంగ్లా రోడ్డు మీదుగానే నడవాలి. సాయంత్రం వాహనాలను ఆపేసి నడిచేవారికి వదిలే ఆ వీధి, దసరా ముందు బీసెంట్ రోడ్డులా కిక్కిరిసిపోతుంది. ఇక్కడ మాత్రం చీరల దుకాణాలకు బదులు బార్లు, ఒకదాని పాటను మరొకటి ముంచేసే స్పీకర్లు ఉంటాయి. మా అత్తగారు ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో నీళ్లు పోసి బల్ల మీద పెడితే, మూడో అంతస్తులో కూడా ఆ నీళ్లు దరువుకు తగ్గట్టు వణుకుతూనే ఉన్నాయి. రిసెప్షన్‌లో గది మార్చమని అడిగితే ఖాళీ లేదని చెప్పి, చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు రెండు జతలు ఇచ్చారు. మేమేమో ఐదుగురం.

ఫుకెట్‌లో బార్లు, క్లబ్బులు అంతకుముందు రాత్రి రెండింటికి మూతపడవలసి ఉండగా, పర్యాటకుల ఖర్చు పెరగాలని ప్రభుత్వం 2023 డిసెంబరు 15 నుంచి ఆ గడువును వేకువన నాలుగు వరకు పొడిగించింది. విజయవాడలో మా అత్తగారు నిద్ర లేచే వేళ కూడా సరిగ్గా నాలుగే. వీధి పడుకోగానే ఆవిడ లేచి కూర్చున్నారు, మేము మాత్రం రెండు రాత్రులు ఎటూ కాకుండా పోయాము.

ఇందులో వీధి తప్పేమీ లేదు. అది కావాలని వచ్చేవారికి అక్కడే ఉండడం మంచిది. 2016లో స్నేహితులతో వచ్చిన మా బావమరిది, అప్పట్లో కుర్రకారే తిరిగిన ఈ వీధిలో ఇప్పుడు పిల్లల బండ్లు తోసుకుంటూ నడిచే మన కుటుంబాలను, దోసెల బోర్డులను చూసి ఆశ్చర్యపోయాడు. 2022లో చట్టం సడలించాక పుట్టుకొచ్చిన గంజాయి దుకాణాలు, 2025 జూన్ నుంచి వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలన్న నిబంధన వచ్చినా, ఆకుపచ్చ దీపాలతో కనిపిస్తూనే ఉన్నాయి.

ఫీఫీ దీవుల యాత్ర సాఫీగా జరిగింది. కాకపోతే అన్నీ కలిపే ధర అని చెప్పినా జాతీయ పార్కు రుసుము మనిషికి 400 బాత్ (థాయ్ కరెన్సీ) పడవలో విడిగా కట్టాము. ఈత కొట్టవచ్చని ట్రావెల్స్ వారు చెప్పిన, ఆ దీవుల్లోని మాయా బే తీరంలో ఈతకు అనుమతే లేదు. జనం తాకిడికి పగడాలు దెబ్బతినడంతో 2018లో మూసివేసి, 2022 జనవరిలో తిరిగి తెరిచినప్పటి నుంచి మోకాలి లోతు దాటనివ్వడం లేదు. ఈ ఒక్క విషయంలో నేను అక్కడి అధికారుల పక్షమే.

మూడో రోజు మిగిలిన అద్దె వదులుకుని, పటాంగ్ నుంచి ఫుకెట్ పాతపట్నానికి మారిపోయాము. నాలుగు చక్రాల ఎర్ర టుక్‌టుక్ అతను 600 బాత్ అడిగాడు, యాప్‌లో పిలిచిన కారు 380కే వచ్చింది. ఒకప్పుడు తగరం గనుల కోసం వచ్చి స్థిరపడిన చైనీయుల కాలం నాటి రంగురంగుల ఇళ్లున్న ఆ వీధుల్లో గది 1,400 బాత్, అంటే దాదాపు 3,900 రూపాయలు. రాత్రి పదింటికే వీధి సద్దుమణిగింది.

ఉల్లి, వెల్లుల్లి ముట్టని మా అత్తగారు అప్పటిదాకా పెరుగన్నం, మాగాయతో నెట్టుకొచ్చారు. పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరం ఉన్న చిన్న హోటల్ ఒకటి గది యజమానురాలు చూపించింది. ఆ అక్షరాన్ని ‘జే’ అంటారు, దాని కింద వండే వంటలో మాంసంతో పాటు వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. ఏటా తొమ్మిది రోజుల శాకాహార ఉత్సవం జరిపే ఊరది. అన్నం మీద టోఫు కూర, వేయించిన పుట్టగొడుగులు, పక్కన పలచటి కాయగూరల పులుసు, అంతా కలిపి 60 బాత్. పులుసు రెండోసారి పోయించుకుని, ఇందులో చింతపండు తక్కువైంది గానీ చెయ్యి మంచిదేనని ఆవిడ తీర్పు చెప్పారు. మిగిలిన మూడు రోజులూ రెండు పూటలా అక్కడే తిన్నాము. బావమరిది కూడా నాతో మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టాడు.

పెద్దవారితో వెళ్లేవారు పాతపట్నంలో దిగి, బీచ్‌కు పగటిపూట వెళ్లి రావాలి. హోటల్ పేరు చెప్పగానే దాని నుంచి బంగ్లా రోడ్డు ఎంత దూరమో మ్యాపులో స్వయంగా కొలుచుకోవాలి.

తిరిగి వచ్చాక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లి వీసా పేరుతో తీసుకున్న 12,500 రూపాయలు అడిగాను. కుర్రవాడు పాత రశీదు వెనక్కి తీసుకుని, అదే మొత్తానికి ‘సర్వీస్ ఛార్జీ’ అని కొత్త రశీదు రాసి ఇచ్చాడు.