ఉప్పుగాలిలో సొంత కేబుళ్లు: ఏళ్లపాటు వాడాక నా సమీక్ష

మా ఇల్లు విశాఖలో, సముద్రానికి మరీ దూరం కాదు. కిటికీ ఊచల నుంచి గేటు బోల్టు దాకా ఇక్కడ ప్రతి ఇనుపముక్కా తుప్పు పడుతుంది, ప్రతి రాగి తీగకూ చిలుము పడుతుంది. ఇలాంటి ఊళ్లో స్టీరియోకి కావలసిన కేబుళ్లన్నీ నేనే చేసుకుని చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లకు వెళ్లేవి, సీడీ ప్లేయర్ నుంచీ డాక్ (డిజిటల్ సంకేతాన్ని ఆంప్లిఫయర్ తీసుకునే సంకేతంగా మార్చే పెట్టె) నుంచీ ఆంప్లిఫయర్‌కి వచ్చేవి, రికార్డు ప్లేయర్‌వి, అన్నీ. వాటి గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కేబుల్ తీగలో కాదు, కొసల్లో చెడిపోతుంది. సొంతంగా చేసుకుంటే దక్కేది ఆ కొసల మీద నమ్మకం, కావలసినంత పొడవు, పాడైతే పావుగంటలో బాగుచేసుకునే వీలు. పాట మారిపోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఒక్కచోట తప్ప. అది రికార్డు ప్లేయర్, దాని సంగతి కింద వివరంగా రాశాను.

స్పీకర్లకు వాడింది మామూలు ఇంటి వైరింగ్ వైరే. ఐఎస్ 694 ముద్ర ఉన్న రెండున్నర స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, ఎరుపొకటి, నలుపొకటి, రెండూ కలిపి మెలిపెట్టాను. ఒక కొసని తలుపు గడియకి కట్టి, రెండో కొసని డ్రిల్ మెషిన్‌లో బిగించి నెమ్మదిగా తిప్పితే ఐదు నిమిషాల పని. ఈ సైజు మెత్తని వైరుకు కిలోమీటరుకు 8 ఓమ్‌ల లోపే నిరోధం ఉంటుంది. మా హాల్లో ఒక స్పీకర్ ఆంప్‌కి 3 మీటర్లలో ఉంది, రెండోది తలుపు చుట్టూ తిరిగి 5 మీటర్లు. దూరంగా ఉన్నదానికి రానూపోనూ 10 మీటర్లు వేసుకున్నా 0.08 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది ఒక శాతం, శబ్ద స్థాయిని కొలిచే డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. రెండు స్పీకర్ల మధ్య తేడా లెక్కేస్తే 0.03 డెసిబెల్. అంచేత రెండు వైపులా ఒకే పొడవు ఉండి తీరాలని దగ్గరున్న స్పీకర్ వెనక రెండు మీటర్ల వైరు చుట్ట పెట్టక్కర్లేదు. మీవి 4 ఓమ్‌ల స్పీకర్లై, పదేసి మీటర్లు లాగాల్సి వస్తే 4 స్క్వేర్ ఎం.ఎం. తీసుకోండి.

వైరు కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే, అది రాగేనా అని. స్పీకర్ వైరు పేరుతో పారదర్శకమైన తొడుగులో అమ్మేవాటిలో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. చేత్తో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంటుంది. అదే మందంలో నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు. నిరోధాన్నైనా లావు వైరుతో సరిపెట్టుకోవచ్చు, కానీ మా ఊరి గాలికి కొసల దగ్గర అల్యూమినియం తేలిపోయి బిగింపు పోతుంది. ఆక్సిజన్ లేని రాగి అని ఎక్కువ ధర పెట్టి అమ్మేదానికి మామూలు కరెంటు రాగితో పోలిస్తే వాహకత తేడా మహా అయితే ఒక శాతం. ఆ డబ్బు పిన్నుల మీద పెట్టడం మేలు.

కొసలకు 4 మిల్లీమీటర్ల బనానా పిన్నులు, పక్కనుంచి రెండు స్క్రూలు బిగించే రకం వాడాను. వైరు కొసకి టంకం పూసి స్క్రూ కింద పెట్టడం చాలామందికి అలవాటు. అది చేయొద్దు. టంకం మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి నెలల మీద మెల్లగా అణిగిపోతుంది, బిగింపు సడలుతుంది. పోగులను గట్టిగా మెలిపెట్టి, చిన్న రాగి స్లీవ్ తొడిగి నొక్కి, అప్పుడు స్క్రూ బిగించండి. నేను దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు వాటిని ఒకసారి బిగిస్తాను, అంతే.

ఇక ఆర్‌సీఏ కేబుళ్లు, అంటే ప్లేయర్లను ఆంప్‌కి కలిపేవి, మధ్యలో ఒక పిన్ను, చుట్టూ లోహపు రింగు ఉన్నవి. వీటి సామానంతా హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను. రేడియోలు, ఆంప్‌లు విప్పే అలవాటున్న ఎవరికైనా అక్కడ గంటలు నిమిషాల్లా గడిచిపోతాయి. "అన్నా, పిన్ మెటల్‌దే కావాలి, తీగని పట్టుకునే క్లాంపు ఉండాలి" అని అడిగితే నాలుగు రకాలు కౌంటర్ మీద పరిచారు. వాటిలో న్యూట్రిక్ వాళ్ల రీన్ ఎన్‌వైఎస్ 373 తీసుకున్నాను. వైరు కెనరే ఎల్-4ఈ6ఎస్, స్టూడియోల్లో మైకులకు వాడేది. లోపల రెండు తెల్లవి, రెండు నీలివి, పైన దట్టమైన రాగి అల్లిక, బయటి మోతను అడ్డుకునే షీల్డ్ అదే. తెల్లవి రెండూ కలిపి మధ్య పిన్నుకి, నీలివి రెండూ కలిపి బయటి భాగానికి, షీల్డ్ అల్లికను ప్లేయర్ వైపు కొసలో మాత్రమే బయటి భాగానికి. ఏ కొసలో షీల్డ్ కలిపామో గుర్తుండేలా అటువైపు ఎర్ర స్లీవ్ వేశాను. వైరు మెత్తగా ఉంటుంది, ర్యాక్ వెనక ఎలా వంచినా వంగుతుంది, పిన్ను మీద బరువు పడదు. ఇన్నేళ్లలో నాకు దీని మీద ఫిర్యాదు లేదు.

సాల్డరింగ్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే కేబుల్ బతుకంతా అక్కడే ఉంది. మధ్య పిన్నుకి 25 వాట్ల ఐరన్ చాలు. బయటి భాగం లావు ఇత్తడి, వేడిని లాగేస్తుంది. దానికి ఇంకొంచెం శక్తి ఉన్న ఐరన్ ఉంటే రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది. చిన్న ఐరన్‌తో అక్కడే పెట్టి కూర్చుంటే లోపలి ప్లాస్టిక్ కరిగి మధ్య పిన్ను పక్కకి ఒరుగుతుంది. పిన్నుని ఒక పాత ఆర్‌సీఏ సాకెట్‌లో గుచ్చి సాల్డర్ చేస్తే ఒరగదు. టంకం తీగ (షాపుల్లో లెడ్ అంటారు) 63/37 రకం, అంటే 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్నది, అడిగి తీసుకోండి. అది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, ఒక్కసారిగా గట్టిపడుతుంది, నడుమ ముద్దలా ఉండే దశ ఉండదు. అందుకని చెయ్యి కొంచెం కదిలినా జాయింటు చెడే అవకాశం తక్కువ. దాని లోపలే రోజిన్ ఉంటుంది. విడిగా డబ్బాల్లో దొరికే పేస్టుల్లో కొన్నింటిలో ఆమ్లం ఉంటుంది, అది వద్దు. జాయింటు దగ్గర మిగిలిపోయిన ఆమ్లానికి సముద్రపు తేమ తోడైతే ఏడాది తిరక్కుండా పచ్చని చిలుము తేలుతుంది. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మల్టీమీటర్ బీప్‌లో పెట్టి కేబుల్‌ని అటూ ఇటూ వంచుతూ చూడండి. బీప్ ఒక్క క్షణం తెగినా ఆ జాయింటు మళ్లీ చేయాల్సిందే.

రికార్డు ప్లేయర్ దగ్గరకొస్తే కథ వేరు. సీడీ ప్లేయర్ లాంటివాటికి మీటరు కేబుల్‌లో కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే గుణం) వంద పికో ఫారడ్‌లు ఎక్కువైనా చెవికి తెలిసేదేం లేదు, దాని ప్రభావం లక్షల హెర్ట్జ్‌లలో ఉంటుంది. సూది కదలికను అయస్కాంతం, కాయిల్ సాయంతో సంకేతంగా మార్చే మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ అలా కాదు. నాది ఆడియో టెక్నికా వీఎం 95ఈ. దాని కాయిల్ ఇండక్టెన్స్ 550 మిల్లీ హెన్రీలు, తయారీదారు సూచించిన కెపాసిటెన్స్ 100 నుంచి 200 పికో ఫారడ్‌లు. టోన్ ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) వైరింగూ ఆంప్‌లో రికార్డు ప్లేయర్ కోసం ఉండే ఫోనో ఇన్‌పుట్టూ కలిసి అందులో చాలా భాగం ముందే తినేస్తాయి. ప్లేయర్‌కి నేను మొదట వాడిన రెడీమేడ్ కేబుల్‌ని కెపాసిటెన్స్ మీటరుతో కొలిస్తే అదొక్కటే 200 దాటింది. మొత్తం 400 అనుకుంటే కాయిల్‌తో కలిసి వచ్చే అనునాదం (ఒక స్థాయి ధ్వని ఉబ్బిపోవడం) 10,700 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, స, శ, చ అక్షరాల బుసబుసలు ఉండే చోటికి కాస్త పైన. 200కి దించితే అది 15,000 దాటి పైకి వెళ్లిపోతుంది.

దీనికి నేను వాడింది సీసీటీవీలకు వేసే ఆర్‌జీ 59 కేబుల్. ఇన్సులేషన్ గట్టి పాలిథీన్ అయిన రకం మీటరుకు 67 పికో ఫారడ్‌లు. ముప్పావు మీటరు చేసుకున్నాను, అంటే 50. పి. సుశీల గారి పాత ఎల్పీలు పెడితే తేడా ఇంట్లో అందరికీ తెలిసింది. మునుపు "స" పలికినప్పుడల్లా చెవిలో గుచ్చుకునేది, ఇప్పుడు గొంతు గొంతులాగే ఉంది. పాత రికార్డు అరిగిపోయి అలా వస్తోందని ఇన్నాళ్లూ అనుకున్న ఎల్పీలు కొన్ని నిజానికి బాగానే ఉన్నాయి. మొత్తం ఈ పనిలో నాకు అత్యంత ఆనందం ఇచ్చింది ఇదే. ఆర్‌జీ 59 కొనేటప్పుడు మధ్య తీగకి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది రాగి పూసిన ఉక్కు, వదిలేయండి. అల్లిక కూడా రాగిదే కావాలి. డిష్‌కి వేసే ఆర్‌జీ 6 చాలావాటిలో అల్లిక అల్యూమినియం, దానికి టంకం అతకదు.

గుయ్‌మనే హమ్ గురించి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50లోనూ 100లోనూ వస్తుంది. కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇది మిగతావాళ్ల కంటే ఎక్కువ బాధ. తంబుర శ్రుతి సాగుతుంటే దాని పక్కన శ్రుతికి కలవని రెండో నాదం ఒకటి నిలబడి ఉంటుంది. బాలమురళీకృష్ణ గారు కింది స్థాయికి దిగి, గొంతు సన్నగించినచోట అది మరీ తెలుస్తుంది. మంచి షీల్డు, గట్టి జాయింట్ల వల్ల రికార్డు ప్లేయర్ హమ్ బాగా తగ్గింది. టీవీ కలిపినప్పుడు వచ్చేది మాత్రం ఏ కేబుల్‌తోనూ పోలేదు. అది కేబుల్ టీవీ తీగ ద్వారా ఒక ఎర్తూ, ఆంప్ ప్లగ్గు ద్వారా మరో ఎర్తూ కలిసి ఏర్పడే వలయం. టీవీ నుంచి డాక్‌కి ఆప్టికల్ తీగ (కరెంటుకు బదులు వెలుగుతో సంకేతం పంపేది) వేశాక నిశ్శబ్దమైంది. హమ్ పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది ప్రాణానికి సంబంధించిన పిన్ను.

ఖరీదైన కేబుళ్లతో పోల్చి చూశారా అని అడుగుతారు. చూశాం. మా బావగారి దగ్గర నా సిస్టమ్ మొత్తం ధరలో సగం పెట్టి కొన్న ఆర్‌సీఏ జత ఉంది. ఆయన సోఫాలో ఉంటే నేను ర్యాక్ వెనక మార్చాను, తర్వాత నేను కూర్చుంటే ఆయన మార్చారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్, ఘంటసాల పాటలు, కొత్త రికార్డింగులు, అన్నీ విన్నాం. ఏది ఏదో ఇద్దరం నిలకడగా చెప్పలేకపోయాం. "నీ పిన్నులు మాత్రం నావాటికంటే గట్టిగా పట్టుకున్నాయి రా" అన్నారు బావగారు. ఆయన కేబుల్ చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, పనితనం గొప్పది. అందానికి డబ్బు పెట్టడం తప్పేం కాదు, కానీ ధ్వని కోసం పెడుతున్నామనుకుంటే నా చెవి ఒప్పుకోదు.

ఏళ్ల వాడకం తర్వాత ఏది ఎలా ఉందంటే: స్పీకర్ వైరు తొడుగు లోపల రాగి కొత్తదానిలా ఎర్రగానే ఉంది. కొసల దగ్గర ఒక సెంటీమీటరు నల్లబడుతుంది, అది కత్తిరించి మళ్లీ ఒలిచి బిగిస్తే సరి. అందుకని ప్రతి కొసకీ ఒక జానెడు అదనంగా వదిలాను. రీన్ పిన్నుల బంగారు పూత నిలిచింది. చవకగా దొరికే మెరుపు పిన్నులు కొన్ని సబ్‌వూఫర్‌కి వాడితే వాటి పూత పోయి ఇత్తడి బయటపడింది, అవి తీసేశాను. వర్షాకాలం పోయాక పిన్నులన్నీ ఒకసారి ఊడదీసి, తుడిచి, మళ్లీ తొడుగుతాను. మేడ మీద గదిలో కేబుళ్లకు ఇదే శుభ్రత రెండింతలు కావాలి, కింద హాల్లో అంత అక్కర్లేదు.

హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ లాంటివి ఇంట్లో చేసే పని కాదు, కొనుక్కోండి. కరెంటు ప్లగ్గు తీగలు కూడా ఐఎస్ఐ మార్కు ఉన్న రెడీమేడ్‌వే వాడండి. చేతికి పని నేర్పాలనుకుంటే ఒక మీటరు ఆర్‌సీఏ జతతో మొదలుపెట్టండి. స్పీకర్ వైర్లను మాత్రం ఆంప్ ఆపాకే తొడగండి, ఎందుకంటే రెండు పోగులు తగిలినా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయే ప్రమాదం ఉంది.