షోకాజ్ నోటీసు వచ్చిన మెడికల్ షాపు వాళ్ల కోసం: నాకు దొరికిన వకీలు మేడం గురించి

నల్గొండ గడియారం సెంటర్‌కి కాస్త ఇవతల మాది చిన్న మెడికల్ షాపు, పద్నాలుగేళ్లుగా నడుపుతున్నా. భూమి తగాదాలు చూసే వకీళ్లు మా ఊర్లో వీధికి నలుగురున్నారు గానీ డ్రగ్ లైసెన్సు గొడవ వస్తే ఎవరి దగ్గరికి పోవాలో ఎవరూ చెప్పరు, అందుకే ఇది రాస్తున్నా. మేడం పేరు మాత్రం పెట్టను. వకీళ్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉంది కదా, ఆమే వద్దన్నారు. నంబరు కావాలంటే షాపుకు రండి.

మొన్న ఎండాకాలంలో అమ్మాయి అడ్మిషన్ పని మీద గంటసేపు బయటికి పోయా. సరిగ్గా ఆ గంటలోనే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. కౌంటర్లో మా పోరగాడు డాక్టరు చీటీ లేకుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు కోసి ఇస్తున్నాడు. ఫ్రిజ్‌లో మంచి స్టాకు మధ్యలో డేటు అయిపోయిన రెండు చుక్కల మందు సీసాలు. ఇలాంటి మందుల అమ్మకాలు విడిగా రాయాల్సిన హెచ్1 రిజిస్టర్ పన్నెండు రోజులుగా ఖాళీ. అన్నీ ఫారం 35 బుక్కులో, అంటే షాపులో ఉండే తనిఖీ పుస్తకంలో, ఎక్కించి వెళ్లారు, తర్వాత నోటీసు వచ్చింది, జవాబుకు పది రోజులు.

మొదట తెలిసిన వకీలు ఒకాయన్ని పట్టుకున్నా. "ఆఫీసులో మనోళ్లు ఉన్నరు, మాట్లాడి సెట్ చేద్దాం" అని కాగితం తీసుకుని నాలుగు రోజులు మడత కూడా విప్పలేదు. ఐదో రోజు ఎల్బీనగర్ బస్సెక్కి ఈ మేడం దగ్గరికి పోయా.

పోయే ముందు రాత్రి నేనొక తెలివితక్కువ పని చేశా. పన్నెండు రోజుల అమ్మకాలు, డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు, ఎన్ని... మొత్తం రిజిస్టర్ ఒక్క కూర్చోవడంలో నింపేశా. అది చూపిస్తే మెచ్చుకుంటారనుకున్నా. ఆమె పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పేజీలు తిప్పారు. అంతకుముందు పేజీల్లో నా రాత, పోరగాడి కోడిగీతలు, నల్ల ఇంకు, నీలం ఇంకు, ఒకచోట పెన్ను అయిపోతే పెన్సిలు. చివర పన్నెండు రోజులు మాత్రం ఒకే పెన్ను, ఒకే వాలు, ఒక్క కొట్టివేత లేదు. "ఏం తమ్మీ, రాత్రి కూసుండి రాసినవా? ఆ ఇన్‌స్పెక్టర్ ఖాళీ పేజీ ఫొటో తీసుకపోయిండనుకో, అప్పుడేం జెప్తవ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పేజీల మీద అడ్డంగా గీత కొట్టించి, ఏ తేదీన రాశానో పక్కనే రాయించి సంతకం పెట్టించారు. నేనిచ్చిన ఫీజుకు ఈ ఒక్క పనితోనే న్యాయం జరిగింది అనుకుంటా.

జవాబులో ఏదీ కాదనలేదు. రిజిస్టర్ రాయలేదు, నిజమే అని ఒప్పుకుని, కొన్న బిల్లులు, అమ్మిన బిల్లులు జతచేసి ప్రతి స్ట్రిప్పుకూ లెక్క చూపించారు. నేను లేని టైముకు రెండో ఫార్మసిస్టును పెట్టుకున్న కాగితం, డేటు అయిపోయిన సరుకుకు వేరే డబ్బా ఫొటో కూడా పెట్టారు.

నాకు అసలు టెన్షన్ పోయింది ఎక్కడంటే, షాపు లైసెన్సు వేరు, ఫార్మసిస్టుగా నా రిజిస్ట్రేషన్ వేరు అని ఆమె విడదీసి చెప్పినప్పుడు. లైసెన్సు సంగతి 1945 డ్రగ్స్ రూల్స్‌లో 66వ రూలు: మన మాట వినాలి, కారణాలు రాసి ఆర్డర్ ఇవ్వాలి, నచ్చకపోతే మూడు నెలల్లో రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు. ఫార్మసిస్టుల రిజిస్టర్‌లోంచి పేరు తీసేయడం మాత్రం 1948 ఫార్మసీ చట్టం 36వ సెక్షన్ కింద రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ చేతిలో ఉంటుంది, అక్కడ కూడా వినకుండా తీసేయడానికి లేదు, అప్పీలుకు 30 రోజులే. నా మీద కౌన్సిల్‌కు కూడా అర్జీ పడింది లెండి. ఎవరు పెట్టారో తెలుసు, వదిలేద్దాం. అది వివరణతోనే ముగిసింది. షాపుకు ఏడు రోజుల సస్పెన్షన్ పడింది. క్యాన్సిల్ అవుతుందని రాత్రుళ్లు నిద్రపోని నాకు ఏడు రోజులంటే పండగే.

ఇక నాకు మండిన విషయాలు. ఫోన్ ఎత్తరు, సాయంత్రం ఏడు దాటాక జూనియర్ ఎత్తుతాడు, అతనికి ఫైలు తెలియదు. మొదటి డ్రాఫ్టులో మా షాపు అడ్రసు మిర్యాలగూడ అని పడింది, ఎవరి జవాబులోంచో దించారన్నమాట, నేను చదివాను కాబట్టి సరిపోయింది. నలభై వేలు అన్నారు, కౌన్సిల్‌ది అందులోనే అనుకున్నా, ఆఖర్లో దానికి ఇంకో పదిహేను అన్నారు. ముందే కాగితం మీద రాయించుకోండి. రసీదు మూడుసార్లు అడిగితే వచ్చింది.

మేడంకు నేనిచ్చే మార్కులు ఐదుకు నాలుగు. పోయేటప్పుడు ఫారం 35 బుక్కు, నోటీసు వచ్చిన కవరు, బిల్లు పుస్తకాలు అన్నీ పట్టుకుపోండి. జిరాక్సులు మాత్రం నల్గొండలోనే తీయించుకోండి, ఆమె ఆఫీసు కింద వాడు పేజీకి ఐదు రూపాయలు గుంజుతాడు.