రాడ్, ఎడ్డీ, స్పైడర్: మనసున్న దిమ్మరుల్లో ఎవరు మేలు?

బ్రిటిష్ సీరియళ్ల మాట వచ్చినప్పుడల్లా నన్ను చాలామంది అడిగేది ఒకటే. ఎక్కడి నుంచో వచ్చి, ఎవరింట్లోనో తలదాచుకుని, చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా అందరికీ సాయం చేసే దిమ్మరి పాత్ర ఒకటి ఈ సీరియళ్లలో ఉంటుంది కదా, వాళ్లందరిలో ఎవరు బాగుంటారు, ఎవరితో మొదలుపెట్టాలి అని. అడిగేవాళ్లలో చదువుకో ఉద్యోగానికో మాంచెస్టర్, లండన్ చేరిన మనవాళ్లే ఎక్కువ. అక్కడి ఆఫీసుల్లో, అద్దె ఇళ్లలో ఈ పేర్లు వినిపిస్తాయి, పాత ఎపిసోడ్లేమో వేలల్లో ఉంటాయి. ఎక్కడ పట్టుకోవాలో తెలియకపోవడం సహజం.

పోటీ ముగ్గురి మధ్యే. ఈస్టెండర్స్‌లో 1987 నుంచి 1990 దాకా ఉన్న రాడ్ నార్మన్ ఒకడు, ఆ పాత్ర వేసింది క్రిస్టఫర్ మెక్‌హాలెమ్. కొరొనేషన్ స్ట్రీట్‌లో 1974లో అడుగుపెట్టి 1983లో వెళ్లిపోయిన ఎడ్డీ యేట్స్ రెండోవాడు, నటుడు జెఫ్రీ హ్యూస్. అదే వీధిలోకి 1997లో వచ్చిన స్పైడర్ న్యూజెంట్ మూడోవాడు, నటుడు మార్టిన్ హాంకాక్.

మంచితనంలో ముగ్గురూ ముగ్గురే. ఎవరి గుండె పెద్దదని కొలుస్తూ కూర్చుంటే తేలదు. నవ్వించడంలో ఎడ్డీది పైచేయి, ఆవేశంలో స్పైడర్‌ది, ఓర్పులో రాడ్‌ది. నా లెక్కలో అసలు సంగతి వేరే ఉంది. వాణ్ని ఏ ఇల్లు లోపలికి రానిచ్చింది, వాడు వచ్చాక ఆ ఇంట్లో ఏం మారింది, నేను చూసేది అది. సీరియల్ అంటేనే ఇళ్ల కథ. నాలుగు గుమ్మాలు, ఒక పబ్బు, ఒక కొట్టు, వాటి మధ్య తిరిగే మనుషులు. అలాంటి చోటికి ఇల్లు లేనివాణ్ని తెచ్చారంటే వాణ్ని ఏ గుమ్మం ముందు నిలబెట్టాలన్న దగ్గరే రచయిత పనితనం బయటపడుతుంది. తిరగడం ఎవరైనా తిరుగుతారు. దిమ్మరి ఎలాంటివాడో వాడు ఆగిన చోటే తెలుస్తుంది.

ముందు రాడ్ సంగతి. 1985 ఫిబ్రవరి 19న బీబీసీలో మొదలైన ఈస్టెండర్స్ మొదటినుంచీ బరువైన సీరియలే. దాన్ని రూపొందించిన జూలియా స్మిత్, టోనీ హాలండ్ లండన్ తూర్పు వైపు బతుకుల్ని మెరుగులు దిద్దకుండా చూపించాలనుకున్నారు. రాడ్ అందులోకి వచ్చింది రోడీగా, అంటే సంగీత బృందాల వెంట ఊరూరా తిరిగి సామాను మోసే పనివాడిగా. ఆ సీరియల్ కథంతా నడిచే ఆల్బర్ట్ స్క్వేర్‌లో అతను మొదట దగ్గరైంది మేరీ స్మిత్‌కి. చదవడం రాయడం రాని, చంటిపాప ఆనీతో ఒంటరిగా నెట్టుకొచ్చే పంక్ అమ్మాయి మేరీ. ఒళ్లమ్ముకునే దాకా వెళ్లి, పాపను పోగొట్టుకునేంత పని అయిన మనిషి. అందరూ ఆమెకు బుద్ధి చెప్పేవాళ్లే తప్ప పక్కన కూర్చునేవాళ్లు లేని రోజుల్లో రాడ్ కూర్చున్నాడు. 1988లో మేరీ ఆ చోటు వదిలి వెళ్లిపోయింది.

తర్వాత డోనా లడ్లో. ఆ స్క్వేర్‌లోనే ఉండే కాథీ బీల్‌పై పద్నాలుగేళ్ల వయసులో అత్యాచారం జరిగితే పుట్టి, దత్తతకు వెళ్లి, పెద్దయ్యాక కన్నతల్లిని వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి. కాథీ ఆమెను దగ్గరికి తీసుకోలేకపోయింది. ఆ దెబ్బ తర్వాత డోనా హెరాయిన్‌లో కూరుకుపోతుంటే ఆమెను పట్టించుకున్న కొద్దిమందిలో రాడ్ ఒకడు. అయినా లాభం లేకపోయింది. 1989 ఏప్రిల్‌లో అదే స్క్వేర్‌లో ఉండే డాట్ కాటన్ ఇంట్లో డోనా చనిపోయి కనిపిస్తుంది. ఓ మంచివాడు తోడున్నంత మాత్రాన మత్తుమందు మనిషిని వదలదని ఆ సీరియల్ దాపరికం లేకుండా చెప్పింది. రాడ్ పాత్రలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది అదే. అతని మంచితనానికి కథ ఏ బహుమతీ ఇవ్వలేదు.

కానీ నా కొలత దగ్గరికి వచ్చేసరికి రాడ్ వెనకబడతాడు. అతనికి ఇల్లు లేదు సరే, అతన్ని తమవాడనుకున్న ఇల్లూ లేదు. అతను సాయం చేసినవాళ్లు కూడా ఇల్లు లేనివాళ్లే. మేరీ వెళ్లాక డోనా, డోనా పోయాక ఇంకొకరు అన్నట్టు అతని కథ ఎప్పుడూ వేరేవాళ్ల కష్టానికి తోకలా ఉండిపోయింది. 1990లో అతను వెళ్లిపోయినప్పుడు స్క్వేర్‌లో ఏ గదీ ఖాళీ అయినట్టు అనిపించదు. మెక్‌హాలెమ్ నటనలో లోటేమీ లేదు. ఆ మెతక గొంతు, ఎవరినీ గద్దించని తీరు చాలా బాగుంటాయి. పాత్రకు ఓ గుమ్మం దొరకలేదు, అంతే.

ఇక ఎడ్డీ యేట్స్. లివర్‌పూల్ యాస, పెద్ద పొట్ట, అంతకన్నా పెద్ద నవ్వు. జైలు నుంచి పెరోల్ మీద 1974 క్రిస్మస్‌కి ముసలావిడ మినీ కాల్డ్‌వెల్ ఇంటికి వస్తాడు. జైల్లో పరిచయమైన జెడ్ స్టోన్ ఒకప్పుడు ఆవిడ దగ్గర అద్దెకుండేవాడు, ఆ చుట్టరికంతోనే రావడం. చిల్లర దొంగతనాలు, ఎక్కడిదని అడగకూడని సరుకు చవగ్గా తెచ్చి అమ్మడం అతని వ్యాపారం. మనవాళ్ల సీరియల్లో అయితే ఇలాంటివాణ్ని రెండు వారాలు నవ్వులకు వాడుకుని పంపేసేవాళ్లు. కొరొనేషన్ స్ట్రీట్ రచయితలు అతన్ని 13వ నంబరు ఇంటికి, స్టాన్, హిల్డా ఆగ్డెన్‌ల దగ్గరికి చేర్చారు. ఆ సీరియల్ చేసిన గొప్ప పనుల్లో ఇదొకటని నా నమ్మకం.

ఆ ఇంటి పరిస్థితి గుర్తు చేసుకోండి. స్టాన్ కిటికీలు తుడిచే పనివాడు, పని కంటే బీరు మీద ధ్యాస ఎక్కువ. హిల్డా రోవర్స్ రిటర్న్ పబ్బులో నేల తుడుస్తుంది, తలకు ఎప్పుడూ కర్లర్లు, ఒంటి మీద పనిబట్టలు. వీధిలో అందరికీ లోకువ. కొడుకు ట్రెవర్ చిన్నప్పుడే ఇల్లు వదిలి లండన్ పారిపోయాడు, పైకి వచ్చాక కన్నవాళ్ల గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. కూతురు ఇర్మా భర్తనీ పసిబిడ్డనీ ఆస్ట్రేలియాలో కారు ప్రమాదంలో పోగొట్టుకుని, కొన్నాళ్లకు దేశమే వదిలిపోయింది. పిల్లలుండీ లేని ఇల్లది. అలాంటి గుమ్మంలోకి జైలు నుంచి వచ్చినవాడు అడుగుపెట్టాడు. 1980 నుంచి అద్దెకు కూడా అక్కడే. అప్పటికే ఇంట్లో మనిషి అయిపోయాడు.

1976లో హిల్డా ముందుగది గోడలకు రంగుల కాగితం అంటించే పని ఎడ్డీ నెత్తిన వేసుకుంటాడు. చివరికి ఒక గోడంతా ఆల్ప్స్ కొండల బొమ్మ పరుచుకుంటుంది. మంచు శిఖరాలు, వాటి మీద హిల్డా తగిలించిన మూడు ఎగిరే బాతు బొమ్మలు. అందులో ఒక బాతు ఎప్పుడూ వంకరగా వేలాడుతూ ఉంటుంది. ఆ ఇరుకు గదికి ఆ బొమ్మ ఏ విధంగానూ నప్పదు, పెద్దింటివాళ్లు చూస్తే మూతి విరుస్తారు. హిల్డాకి మాత్రం అది ప్రాణం. ఒళ్లు హూనమై, తడిసి, పర్సులో పెన్నీ లేకుండా ఇంటికొచ్చిన రోజుల్లో ఆ బాతుల్నీ ఆ గోడనీ చూసే తాను గ్యాస్ తిప్పి ప్రాణం తీసుకోకుండా ఆగానని ఆమె ఒకసారి అంటుంది. ఇన్నేళ్ల కొరొనేషన్ స్ట్రీట్‌లో నాకు అన్నిటికంటే విలువైన మాటల్లో అదొకటి. సొంత పిల్లలు ఇవ్వలేనిది ఓ జైలుపక్షి జిగురు డబ్బాతో ఇచ్చి వెళ్లాడు.

రాడ్‌కీ ఎడ్డీకీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. రాడ్ చేసిన సాయం మాటల్లో, తోడులో ఉంది. మనుషులు వెళ్లిపోగానే అదీ వెళ్లిపోయింది. ఎడ్డీ చేసినది ఆ గోడ మీద ఉంది. 1984 ఆగస్టులో స్టాన్ వేషం వేసిన బెర్నార్డ్ యూయెన్స్ చనిపోయారు. అదే నవంబర్‌లో కథలో స్టాన్ కూడా పోయాడు. అంత్యక్రియల తర్వాత హిల్డా అదే గదిలో ఒక్కతే కూర్చుని, ఆసుపత్రి నుంచి వచ్చిన మూట విప్పి, అతని కళ్లజోడు పెట్టె తెరిచి ఏడ్చిన దృశ్యాన్ని బ్రిటన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎడ్డీ అప్పటికి వెళ్లిపోయి ఏడాది. అయినా ఆ గది చూస్తే అతను గుర్తుకు వస్తాడు.

అతను వెళ్లిన తీరు కూడా నాకు నచ్చుతుంది. చెత్త బండి మీద పని దొరికాక ఎడ్డీ నిలదొక్కుకున్నాడు. బ్రిటన్‌లో సీబీ రేడియోకి, అంటే మామూలు జనం గాల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోకి, 1981లో చట్టబద్ధంగా అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే సీరియల్ దాన్ని అందిపుచ్చుకుని ఎడ్డీ చేతికి మైక్ ఇచ్చింది. గాల్లో అతని పేరు స్లిమ్ జిమ్, అవతల మాట్లాడే అమ్మాయి స్టార్‌డస్ట్ లిల్. ఆమే మారియన్ విల్లిస్. 1983లో పెళ్లి, ఆ వెంటనే ఆమె తల్లిని చూసుకోవడానికి బరీ పట్టణానికి మకాం. దిమ్మరిని ఇంటివాణ్ని చేస్తే పాత్ర చచ్చిపోతుందని కొందరంటారు. ఎడ్డీ విషయంలో నేను ఒప్పుకోను. ఒక ఇంట్లో కొడుకులా ఉండటం నేర్చుకున్నవాడే ఇంకో ఇంటి బాధ్యత నెత్తికెత్తుకున్నాడు, కథ నడిచిన దారికి అది తగిన ముగింపు. 1987లో దొంగల చేతిలో దెబ్బలు తిని హిల్డా ఆసుపత్రి పాలైతే ఎడ్డీ చూడటానికి వస్తాడు. ఆ ఏడాది క్రిస్మస్ రోజున హిల్డా వీధి వదిలి వెళ్లిన ఎపిసోడ్‌ని 2 కోట్ల 60 లక్షల మందికి పైగా చూశారు.

స్పైడర్‌కి ఇల్లు దొరికింది, అదీ మంచి ఇల్లే. అతని అసలు పేరు జెఫ్రీ, ఎమిలీ బిషప్‌కి మేనల్లుడి వరస. 1978లో భర్త ఎర్నెస్ట్ దొంగల తుపాకీకి బలయ్యాక, రెండో పెళ్లి చేసుకున్నవాడికి అప్పటికే భార్య ఉందని తేలాక, ఎమిలీ తన 3వ నంబరు ఇంట్లో క్రమం తప్పకుండా, గొంతు పెంచకుండా బతికే మనిషి. అలాంటి ఆవిడ ఇంట్లోకి జడలు కట్టిన జుట్టుతో, చెట్లు నరకొద్దంటూ తిరిగే కుర్రాడు దిగాడు. రెడ్ రెక్ మైదానాన్ని కాపాడాలని జరిగిన నిరసనలో ఎమిలీ కూడా అతని పక్కన నిలబడింది. ముసలితనంలో ఆవిడకు కొత్త ధైర్యం ఇచ్చింది అతనే. 2016 కొత్త సంవత్సరం రోజున ఎమిలీ వీధి వదిలి పెరూ వెళ్లింది కూడా స్పైడర్ దగ్గరికే. ఇంతవరకూ ఎడ్డీకి గట్టి పోటీ.

అతను దెబ్బతిన్నది 2022లో. తిరిగి వచ్చిన స్పైడర్ రహస్య పోలీసు అధికారి, జాత్యహంకార ముఠాలో చేరి నిఘా వేస్తున్నాడని తేలింది. ఆ కథకి అవసరం ఉంది, నేను కాదనను. కానీ బ్రిటన్‌లో పర్యావరణ ఉద్యమాల్లోకి పోలీసులు మారుపేర్లతో చొరబడి, అక్కడి ఆడవాళ్లతో ప్రేమ వ్యవహారాలు కూడా నడిపారన్న నిజం బయటపడి, దాని మీద అధికారిక విచారణ కూడా నడుస్తున్న కాలమిది. అలాంటప్పుడు చెట్టెక్కిన కుర్రాణ్ని పోలీసుని చేస్తే పాత ఎపిసోడ్లు చూసేటప్పుడు ఓ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. అప్పట్లో అతను నిజంగా ఉద్యమకారుడే అని తెలిసినా సరే.

జెడ్ స్టోన్ గురించి కూడా అడుగుతారు. ఎడ్డీకి అన్నలాంటివాడు, 1960ల్లో మినీ ఇంట్లో ఉన్నాడు, సరదాగా ఉంటాడు. బ్రుక్‌సైడ్ అనే ఇంకో సీరియల్‌లో కిటికీలు తుడిచే సిన్‌బాద్‌నీ కొందరు ఈ వరసలో కలుపుతారు. ప్రేమించదగ్గ పాత్ర, కానీ జోర్డాష్‌ల ఇంటి వెనక నేల కింద శవం కథలో ఇరుక్కున్నాక అతన్ని దిమ్మరి అనడం కుదరదు.

చూడటానికి దొరకడం మాటేంటి అంటే, అక్కడ రాడ్‌దే పైచేయి. ఈస్టెండర్స్‌ని బ్రిటన్‌లో డ్రామా చానల్ 2018 నుంచి మొదటి ఎపిసోడ్ దగ్గర మొదలుపెట్టి వేసింది, కాబట్టి అతని కథ వరసగా చూసే వీలు కలిగింది. ఐటీవీ3 చానల్ పాత కొరొనేషన్ స్ట్రీట్‌ని 2017లో 1986 ఎపిసోడ్ల నుంచి ఎత్తుకుంది. స్పైడర్ అందులో వస్తాడు. ఎడ్డీ మాత్రం 1987 రాకలో కాసేపు కనిపించి పోతాడంతే. అతని మంచి రోజుల కోసం ఎంపిక చేసిన ఎపిసోడ్ల పాత డీవీడీలు వెతుక్కోవాలి. కొంచెం శ్రమే.

ఆ శ్రమ పడమనే నా సలహా. ముందు ఎడ్డీ, అందులోనూ 1976 గోడ కథ, తర్వాత 1982 రేడియో కథ. బరువైన కథ తట్టుకోగలిగితే రెండోది రాడ్, డోనా వచ్చినప్పటి నుంచి చూసినా సరిపోతుంది. ఇంట్లో మత్తుమందుకి బానిసైన మనిషిని చూసినవాళ్లు మాత్రం రాడ్‌తోనే మొదలుపెట్టొచ్చు, వాళ్లకి అతను ఎడ్డీ కంటే దగ్గరగా అనిపిస్తాడు. స్పైడర్‌ని ఎమిలీ కోసం చూడండి, 2022 కథ దాకా వెళ్లకుండా 2003 దగ్గర ఆపేయండి.