ఏపీ యూఎస్ హిస్టరీ ఆన్‌లైన్‌లో: ఏడాది చదివించాక నా అభిప్రాయం

మా అమ్మాయి పదకొండో తరగతిలో ఏపీ యూఎస్ హిస్టరీని ఆన్‌లైన్‌లో చదివింది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. పిల్లలు దీన్ని ఏపుష్ అంటారు. మేం ఉండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. స్కూల్లో ఆ క్లాసు, తన ఆర్కెస్ట్రా ఒకే పీరియడ్‌లో పడ్డాయి. రెండిట్లో ఒకటి వదులుకోవడం ఇష్టంలేక బయటి సంస్థ నడిపే కోర్సులో చేర్చాం. ఆగస్టు నుంచి మే దాకా దాదాపు రోజూ పక్కన కూర్చుని చూశాను కాబట్టి ఇది నమ్మకంగా చెప్పగలను. డబ్బు కట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: పిల్లలు రాసిన వ్యాసాలు ఎవరు దిద్దుతారు, ఎన్నాళ్లకు దిద్దుతారు?

ఎందుకంటే ఈ కోర్సు ప్రాణం రాతలోనే ఉంది. హిస్టరీ అంటే తేదీలు బట్టీ కొట్టడం అని మనవాళ్లలో చాలామందికి ఇంకా అభిప్రాయం. సిలబస్ 1491 నుంచి ఇప్పటి వరకు, తొమ్మిది కాలఖండాలుగా ఉంటుంది. మే నెలలో జరిగే పరీక్ష 3 గంటల 15 నిమిషాలు. 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకు 40 శాతం మార్కులే. మిగతా 60 శాతం రాసేవాటికి: మూడు చిన్న జవాబులు, ఒక పెద్ద వ్యాసం, డీబీక్యూ. ఈ డీబీక్యూలో ఏడు పత్రాలు ఇస్తారు. ఉత్తరం ముక్క, ప్రసంగం, కార్టూన్, ఏదైనా కావచ్చు. గంటలో అవి చదివి, వాటిని సాక్ష్యంగా వాడుతూ వాదన కట్టాలి. 25 శాతం దానికే.

వీడియోలు బాగానే ఉన్నాయి. పది, పదిహేను నిమిషాల పాఠాలు, చివర క్విజ్. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి చూడొచ్చు. అంతకుమించి చెప్పడానికేం లేదు. అలాంటి పాఠాలు ఖాన్ అకాడమీలో ఉచితంగానే దొరుకుతాయి. అసలు పత్రాలు కావాలంటే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల డాక్స్‌టీచ్ కూడా ఉచితమే. కాబట్టి మనం కట్టే డబ్బు టీచర్ కోసమే అనుకోవాలి.

ఆ టీచర్ విషయంలోనే మొదటి సెమిస్టర్ నన్ను బాగా బాధపెట్టింది. వ్యాసం పంపిన మూడు వారాలకు ఒక అంకె, కింద "మంచి ప్రయత్నం" అన్న మాట. అంతే. ఏడుకి మూడు ఎందుకు వచ్చాయో పిల్లకి తెలియదు, నాకూ తెలియదు. మెయిల్ పెడితే రూబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక, చూసుకోమన్నారు. ఆ రూబ్రిక్ మా దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది. రాసే ఓపిక, నేర్చుకునే మనసు ఉన్న పిల్లకి ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు లేకపోవడం అన్యాయం.

రెండో సెమిస్టర్‌కి టీచర్ మారారు. అప్పుడు వచ్చిన డీబీక్యూ 1800ల చివరి రైతుల ఉద్యమం మీద. ఇచ్చిన పత్రాల్లో ఒకటి, 1892 జూలైలో ఒమాహాలో, ఆ ఉద్యమం నుంచి పుట్టిన పీపుల్స్ పార్టీ ఆమోదించిన ప్రకటన. మా అమ్మాయి మొదట రాసిన వాక్యం ఇలా ఉంది: "రైల్వే కంపెనీల మీద రైతులకు కోపం వచ్చిందని ఈ పత్రం చెబుతోంది." టీచర్ ఆ వాక్యం పక్కనే అడిగారు: ఈ ప్రకటన ఎవరు వినాలని రాశారు? అదే ఏడాది నవంబర్‌లో ఏం జరగబోతోంది? అప్పుడు తట్టింది, అది అధ్యక్ష ఎన్నికల ఏడాది అని. పశ్చిమాన గోధుమ రైతులు, దక్షిణాన పత్తి రైతులు, పట్నాల్లో కార్మికులు, అందరి ఓట్లూ ఒకే గొడుగు కిందికి తేవాలని రాసిన కాగితం అది. మళ్లీ రాసినప్పుడు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ పార్టీ గెలవకపోయినా, వాళ్లు అడిగిన ఆదాయపు పన్ను, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవడం, ఈ రెండూ 1913లో 16, 17వ సవరణలుగా రాజ్యాంగంలోకి వచ్చాయని చూపించింది. రెండు ప్రశ్నలతో వ్యాసం రూపమే మారిపోయింది.

ఆన్‌లైన్‌లో నిజంగా లోటనిపించింది చర్చ. డిస్కషన్ బోర్డ్ ఉంది, వారానికి ఒక పోస్టు, రెండు రిప్లైలు పెట్టాలి. "నీతో ఏకీభవిస్తున్నాను" అని ఒకరికొకరు రాసుకోవడంతో సరిపోయేది. క్లాసులో ఎవరో ఒకరు చెయ్యెత్తి "అదెలా?" అంటారు చూడండి, అది ఇక్కడ లేదు. ఆ పని ఇంట్లో ఎవరో ఒకరు చేయాలి. మా ఇంట్లో మా మామగారు చేశారు. గుంటూరు జిల్లాలో చాలా ఏళ్లు పత్తి వేసిన మనిషి. సివిల్ వార్ (అమెరికా అంతర్యుద్ధం) తర్వాత అక్కడి దక్షిణాది రైతులు పంట చేతికి రాకముందే దాన్ని షావుకారుకి రాసిచ్చి, అతని కొట్లోనే సరుకు అరువు తెచ్చుకునేవాళ్లని మనవరాలు వీడియో కాల్‌లో చెబుతుంటే, ఆయన వెంటనే "అరువుకీ రొక్కానికీ ఒకే రేటా తల్లీ?" అని అడిగారు. పాఠంలో ఆ మాట లేదు. తను వెతికి చూసింది. రెండు రేట్లు ఉండేవి, అరువు రేటు బాగా ఎక్కువ. ఆ రైతులు ఎందుకు తేరుకోలేకపోయారో అప్పుడు తనకి స్పష్టమైంది.

ఇంకొక విషయం, మన పిల్లలు చదువుతున్నారు కాబట్టి చెప్పాలి. వలసల పాఠంలో 1882 నాటి చైనీయుల నిషేధ చట్టం, 1924 కోటా చట్టం వివరంగా ఉన్నాయి. భగత్ సింగ్ థిండ్ కేసు మాత్రం మా కోర్సులో కనబడలేదు. భారతీయులు తెల్లవారి కిందికి రారని, పౌరసత్వానికి అర్హులు కారని 1923లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు అది. 1946లో చట్టం మారినా, ఏడాదికి దక్కిన కోటా వంద మందికి. 1965 చట్టం వచ్చాకే మనవాళ్లు పెద్ద సంఖ్యలో రాగలిగారు. నేను సిటిజన్‌షిప్ కోసం చదివిన వంద ప్రశ్నల్లోనూ ఇవేవీ లేవు. ఇది పిల్లలకు మనమే కూర్చోబెట్టి చెప్పాలి.

చేరేముందు స్కూల్ కౌన్సిలర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తర్వాత క్రెడిట్ ఎక్కించరేమోనన్న టెన్షన్ ఉండదు. కోర్సు నడిపేవాళ్లు పరీక్షకి రిజిస్టర్ చేయరు. దగ్గర్లోని స్కూల్ ద్వారా నవంబర్ మధ్యలోగా మనమే ఆర్డర్ చేయించుకోవాలి. పబ్లిక్ స్కూల్ పిల్లలు టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ యూఎస్ హిస్టరీ పరీక్ష కూడా రాయాలి. అది 1877 తర్వాతి చరిత్ర మీద కాబట్టి విడిగా పెద్దగా చదవాల్సిన పని పడలేదు. 2025 నుంచి ఏపీ వ్యాసాలు బ్లూబుక్ యాప్‌లో టైప్ చేయడమే. ఏడాదంతా టైప్ చేసిన పిల్లలకి ఇది కలిసొస్తుంది.

మా అమ్మాయికి ఏపీ పరీక్షలో ఐదుకి నాలుగు వచ్చింది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ డిగ్రీ చదివినా ఆరు క్రెడిట్ గంటల అమెరికన్ చరిత్ర తప్పదు, ఇంజినీరింగ్ అయినా సరే. ఏ స్కోర్‌కి ఎన్ని గంటలు ఇస్తారన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందే చూసుకోండి.

తనంతట తాను టైమ్‌టేబుల్ పెట్టుకుని చదివే పిల్లలకు ఈ పద్ధతి నప్పుతుంది. పక్కన మనిషి ఉంటేగానీ పుస్తకం తీయని పిల్లలకు మాత్రం స్కూల్ క్లాసే మేలు. మా చిన్నవాడి వంతు ఇంకో రెండేళ్లలో వస్తుంది. స్కూల్లో కుదిరితే అక్కడే చదివిస్తాం. కుదరకపోతే, ఆ రెండో సెమిస్టర్ టీచర్ ఇంకా చెబుతున్నారో లేదో ముందు కనుక్కుని, ఆవిడ క్లాసులోనే చేరుస్తాం.